క్లౌడా, సొంత కంప్యూటరా, రెండూనా? మీ పనికి ఏది సరిపోతుందో ఇలా తేల్చుకోండి

"క్లౌడ్‌లో పెట్టమంటారా?" అని, అంటే డేటాని నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లలో ఉంచమంటారా అని, ఎవరైనా అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ లెక్కలు, ఫోటోలు, పేషెంట్ల రికార్డులు, ఏవైనా సరే, మొత్తానికే పోతే మీకేమవుతుంది? పోకుండా ఎక్కడో భద్రంగానే ఉండి, రెండు రోజుల పాటు మీ చేతికి అందకపోతే ఏమవుతుంది? చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, అక్కడే ఎంపిక తప్పుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లూ షాపులూ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు షాపులో టేబుల్ కింద ఉన్న కంప్యూటరు, దాని పక్క సొరుగులో పెట్టిన బ్యాకప్ హార్డ్‌డిస్కు రెండూ ఒకేసారి మునుగుతాయి. లెక్కలు క్లౌడ్‌లో ఉన్నవాళ్లయితే బంధువుల ఇంట్లో కూర్చుని ఫోన్‌లో తెరుచుకోగలరు. ఇప్పుడు 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్‌ని గుర్తు తెచ్చుకోండి. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, నెట్ లేదు, అదీ రోజుల పాటు. అలాంటి వారంలో క్లౌడ్‌లో ఉన్నది ఎంత భద్రంగా ఉన్నా మీకు అక్కరకి రాదు, అదే ల్యాప్‌టాప్‌లో ఉన్నదైతే జనరేటర్ ఉన్న చోట ఛార్జింగ్ పెట్టుకుని చూసుకోవచ్చు. డేటా పోవడం అనే ప్రమాదాన్ని క్లౌడ్ చాలా తగ్గిస్తుంది. డేటా అందకపోవడం అనే ప్రమాదాన్ని మాత్రం కొన్నిసార్లు పెంచుతుంది.

నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా ఆగక్కర్లేదు. రోజువారీ పనికి క్లౌడ్ వాడుకోండి, చిన్న వ్యాపారాల్లో ఎక్కువమందికి అదే మంచిది. కానీ ఆ క్లౌడ్ కంపెనీ ముట్టుకోలేని, మీ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు కూడా చెరపలేని కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. ఆ కాపీ లేకుండా అంతా క్లౌడ్‌లో పెట్టేయమని నేను ఎవరికీ చెప్పను.

మన ముందున్న దారులు

మొదటిది అందరికీ తెలిసిందే, మన కంప్యూటరు, దానికో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. రెండోది ఆఫీసులో ఒక మూల పెట్టుకునే నాస్ డబ్బా, అంటే రెండు మూడు డిస్కులు ఉండి ఆఫీసులో అందరి కంప్యూటర్లకీ అందుబాటులో ఉండే సొంత స్టోరేజీ. మూడోది గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి నెలవారీ ప్లాన్లు. నాలుగోది బిల్లింగు, క్లినిక్కు, స్కూలు ఫీజులు లాంటి వాటికి బ్రౌజర్లోనో యాప్‌లోనో వాడుకునే సాఫ్ట్‌వేర్లు, వీటిలో మన డేటా మొత్తం అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది. అయిదోది ఏడబ్ల్యూఎస్ (అమెజాన్‌ది), అజూర్ (మైక్రోసాఫ్ట్‌ది), గూగుల్ క్లౌడ్ లాంటి చోట సర్వర్ అద్దెకి తీసుకుని మన సాఫ్ట్‌వేర్ మనమే నడుపుకోవడం. జనం అన్నిటినీ కలిపి "క్లౌడ్" అంటారు కానీ ప్రమాదాలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, అందుకే మీరు దేని గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి.

క్లౌడ్ నిజంగా గెలిచే చోట్లు

ఒక ఫైల్ పాడైపోకుండా నిలబెట్టడంలో పెద్ద క్లౌడ్‌తో మన హార్డ్‌డిస్కు పోటీ పడలేదు. అమెజాన్ ఎస్3 అనే స్టోరేజీ 2006 నుంచి ఉంది, అందులో మామూలు స్టాండర్డ్ రకంలో పెట్టిన ఫైల్ కనీసం మూడు వేర్వేరు జోన్లలో, అంటే విడివిడి డేటా సెంటర్లలో, నిల్వ ఉంటుంది. ఆ ఫైల్ చెక్కుచెదరకుండా ఉండేందుకు ఏడాదికి 99.999999999 శాతం స్థాయిలో దాన్ని రూపొందించామని వాళ్లు చెబుతారు. మనం కొనే ఒక్క డిస్కు ఏదో ఒక రోజు టక్‌టక్‌మని చప్పుడు చేసి ఆగిపోతుంది, అది ఎప్పుడన్నదే తెలియదు.

రెండోది, ఒక్కసారిగా వచ్చిపడే రద్దీ. పరీక్షా ఫలితాలు వచ్చే రోజు గంటలో లక్షల మంది ఒకే వెబ్‌సైట్ మీద పడతారు, మిగతా సంవత్సరమంతా అక్కడ పెద్దగా ఎవరూ ఉండరు. ఆ ఒక్క రోజు కోసం సర్వర్లు కొని పెట్టుకోవడం దండగ. ఆ కొద్ది గంటలకే ఎక్కువ సర్వర్లు అద్దెకి తీసుకుని సాయంత్రం వదిలేయడం క్లౌడ్‌కే సాధ్యం. కోచింగ్ సెంటర్ల ఆన్‌లైన్ టెస్టులు, పండగ సేల్స్, టికెట్ బుకింగులు, అన్నీ ఇదే కోవ.

"మన డేటా అమెరికా వెళ్లిపోతుందేమో" అనే భయం కూడా కొంతవరకు పాతబడింది. ఏడబ్ల్యూఎస్ ముంబయి రీజియన్, అంటే అక్కడి డేటా సెంటర్ల సముదాయం, 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి. అజూర్‌కి 2015 నుంచే పుణె, చెన్నై, ముంబయిల్లో రీజియన్లు ఉన్నాయి. విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సర్వర్ అద్దెకి తీసుకునేటప్పుడు ఏ ఊళ్లో ఉండాలో మీరే ఎంచుకోవచ్చు. ఇంట్లో వాడే మామూలు డ్రైవ్ ఖాతాకి మాత్రం ఆ ఎంపిక మీ చేతిలో ఉండదు.

ఇక సెక్యూరిటీ. కొన్నాళ్లుగా అప్‌డేట్ చేయని విండోస్, అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్, యాంటీవైరస్ గడువు తీరిన కంప్యూటరు ఉన్న షాపు కంటే పెద్ద క్లౌడ్ కంపెనీ సర్వర్ గది ఎన్నో రెట్లు భద్రం. కాకపోతే వాళ్లు కాపాడేది వాళ్ల గదిని. తలుపు తాళం, అంటే మీ లాగిన్, మీ సెట్టింగులు, ఎవరికి ఏది కనిపించాలనేది మీ బాధ్యతే. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి సుమారు 10 కోట్ల మంది అమెరికన్ల వివరాలు బయటికి పోయాయి. ఆ డేటా ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంది, దొంగ లోపలికి వచ్చింది మాత్రం బ్యాంకు వైపు తప్పుగా పెట్టిన ఫైర్‌వాల్ (బయటివాళ్లని ఆపే కాపలా సాఫ్ట్‌వేర్) సెట్టింగు లోంచి. మన దగ్గర కూడా 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం జనం వివరాలకి జవాబుదారీ వాటిని సేకరించిన సంస్థే, పనిని బయటివాళ్లకి అప్పగించినా సరే. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది కాబట్టి క్లినిక్కులు, స్కూళ్లు నడిపేవాళ్లు ఇప్పుడే దీని మీద ఓ కన్నేసి ఉంచాలి.

అందకుండా పోయే దారులు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే క్లౌడ్ అమ్మేవాళ్లు దీని గురించి పెద్దగా మాట్లాడరు.

అప్పుడప్పుడూ సర్వర్లు ఆగిపోతాయి. 2017 ఫిబ్రవరి 28న ఏడబ్ల్యూఎస్ ఉద్యోగి ఒకరు కమాండ్‌లో ఒక విలువ తప్పుగా టైప్ చేయడంతో, తీయాల్సినవాటి కంటే ఎక్కువ సర్వర్లు పక్కకి పోయి అమెరికాలోని వర్జీనియాలో ఎస్3 సుమారు నాలుగు గంటలు దెబ్బతింది. 2025 అక్టోబరు 20న మళ్లీ అదే వర్జీనియాలో డీఎన్‌ఎస్ (పేరుని బట్టి సర్వర్ చిరునామా వెతికిపెట్టే వ్యవస్థ) సమస్య వచ్చి ప్రపంచమంతా బోలెడన్ని యాప్‌లు పనిచేయలేదు. ఇవి గంటల్లో సర్దుకునేవి, చాలా వ్యాపారాలు తట్టుకోగలవు. ఒక్క సంగతి తెలుసుకోండి, సేవ ఆగిపోతే ఒప్పందం ప్రకారం మీకు వచ్చేది సాధారణంగా బిల్లులో కొంత శాతం తగ్గింపు మాత్రమే, ఆ రోజు మీకు పోయిన వ్యాపారానికి నష్టపరిహారం రాదు. నెలలో 99.9 శాతం సమయం సేవ నడుస్తుందని రాసి ఉంటే, నెలలో 43 నిమిషాలు ఆగిపోయినా వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే లెక్క.

అంతకంటే పెద్దది, కాపీలన్నీ ఒకే చోట ఉండటం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ సేవకి విడిగా డబ్బు కట్టినవాళ్లలో కొందరి బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉందని తేలింది, ఆ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అందులోనే ఉంది. 858 టెరాబైట్ల డేటా, పరిమాణం చాలా పెద్దదని బయట బ్యాకప్ పెట్టలేదు, మొత్తం పోయింది. సొంత డేటా సెంటర్ ఉంటే చాలు అనుకునేవాళ్లు ఈ సంఘటనని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అది అద్దె క్లౌడ్ కాదు, ఆ ప్రభుత్వం సొంతది.

ఇంకొకటి ఖాతాయే లేకుండా పోవడం. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి 6 లక్షలకి పైగా సభ్యులు ఉన్నారు. 2024 మేలో గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన ఒక సెట్టింగు పొరపాటు వల్ల వాళ్ల ప్రైవేట్ క్లౌడ్, అంటే వాళ్లకే విడిగా కేటాయించిన సర్వర్ల ఏర్పాటు, డిలీట్ అయిపోయింది. జాగ్రత్త కోసం రెండు చోట్ల నడుపుతున్నారు, అయినా రెండు చోట్లా పోయిందని అప్పట్లో రెండు సంస్థలూ ప్రకటించాయి. విడిగా, వేరే సంస్థ దగ్గర కూడా, బ్యాకప్‌లు ఉంచుకున్నారు కాబట్టి తిరిగి లేచి నిలబడగలిగారు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి అంత అదృష్టం లేదు. దుండగుడు వాళ్ల ఏడబ్ల్యూఎస్ కంట్రోల్ ప్యానెల్ లోకి దూరి డేటానీ బ్యాకప్‌లనీ కలిపి చెరిపేశాడు, కంపెనీయే మూతపడింది.

మన దేశంలో జరిగినది ఇంకా దగ్గరగా తగులుతుంది. గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి వాటా ఉంది. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ నయారా మీద ఆంక్షలు పెట్టగానే, ఆ కంపెనీ ఉద్యోగుల ఈమెయిల్, టీమ్స్ సేవలని మైక్రోసాఫ్ట్ ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, కొద్ది రోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. భారత చట్టాల ప్రకారం భారత్‌లో పనిచేస్తూ, లైసెన్సులకి డబ్బు కట్టిన అంత పెద్ద కంపెనీకే ఈ పరిస్థితి వచ్చిందంటే, ఫోన్ చేయడానికి నంబర్ కూడా దొరకని మనలాంటి చిన్న ఖాతాదారుల సంగతి ఆలోచించండి. అమెరికాలో ఒక తండ్రి డాక్టరుకి చూపించడం కోసం పసివాడి ఫోటో తీస్తే, గూగుల్ ఆటోమేటిక్ తనిఖీ దాన్ని తప్పుగా అర్థం చేసుకుని ఖాతా మూసేసింది, పోలీసులు తప్పేమీ లేదన్నాక కూడా ఖాతా తిరిగి రాలేదు. ఈ సంగతి 2022లో పత్రికల్లో వచ్చింది.

చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇంత నాటకీయంగా ఉండదు. డ్రైవ్ ఖాతా అకౌంటెంట్ సొంత జీమెయిల్‌తో తెరుస్తారు, అతను మానేస్తాడు. లేదా ఓటీపీ వచ్చే నంబర్ రీఛార్జ్ చేయక పోతుంది. అమెరికా, గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇది గమనించాలి. ఇక్కడి ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలేస్తే అది మీ చేతిలోంచి పోయి కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్లొచ్చు. అప్పుడు మీ ఫోటోలకి తాళంచెవి వాళ్ల జేబులో ఉన్నట్టే.

సింక్‌ని, అంటే కంప్యూటర్లోనూ క్లౌడ్‌లోనూ ఫైళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండేలా చేసే ఏర్పాటుని, బ్యాకప్ అనుకోకండి. కంప్యూటర్లో ఫైల్ చెరిపితే డ్రైవ్‌లో కూడా చెరిగిపోతుంది, ర్యాన్సమ్‌వేర్ (డబ్బు గుంజే వైరస్) ఫైళ్లకి తాళం వేస్తే ఆ పాడైన కాపీయే పైకి వెళుతుంది. చెరిపిన ఫైళ్లు గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటాయి, ఆ తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. నాస్ డబ్బాలో రెండు డిస్కుల్లో ఒకేలా రాసుకునే ఏర్పాటూ ఇంతే, డిస్కు చెడితే ఆదుకుంటుంది కానీ పొరపాటున డిలీట్ కొడితే రెండింట్లోనూ పోతుంది.

ఖర్చు లెక్క

కొద్దిపాటి డేటాకి క్లౌడ్ చవక, ఇందులో పెద్ద చర్చ లేదు. ఎక్కువ డేటాని ఎక్కువకాలం ఉంచేటప్పుడే లెక్క మారుతుంది. ఎస్3 స్టాండర్డ్‌లో ముంబయిలో ఒక గిగాబైట్‌కి నెలకి 0.025 డాలర్లు, అంటే ఒక టెరాబైట్‌కి సుమారు 25 డాలర్లు, దాని మీద జీఎస్టీ. పెట్టడానికి అంతే, కానీ ఆ టెరాబైట్‌ని మొత్తం ఇంటర్నెట్ ద్వారా వెనక్కి దింపుకోవడానికి దగ్గర దగ్గర వంద డాలర్లు అవుతుంది, అంటే నాలుగు నెలల అద్దె ఒక్కసారే కట్టినట్టు. ధరలు మారుతుంటాయి కాబట్టి చేరే ముందు మీరే చూసుకోండి, కాకపోతే అందరూ లోపలికి వెళ్లే ధర చూస్తారు, మీరు బయటికి వచ్చే ధర కూడా చూడండి.

ఏడాది పొడవునా ఒకే రకంగా, భారీగా నడిచే పనికి సొంత సర్వర్లే చవక అవ్వొచ్చు. డ్రాప్‌బాక్స్ తన ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని ఏడబ్ల్యూఎస్ నుంచి సొంత సర్వర్లకి మార్చుకుని రెండేళ్లలో సుమారు 7.5 కోట్ల డాలర్లు ఆదా చేసింది. కానీ వాళ్లకి ఆ సర్వర్లు చూసుకునే ఇంజనీర్లు ఉన్నారు. మీ దగ్గర ఆ మనిషి లేకపోతే ఈ ఉదాహరణ మీకు వర్తించదు.

ఎవరికి ఏది

ఒకే షాపు, టాలీలో లెక్కలు: డేటా చాలా చిన్నది. టాలీ మీ కంప్యూటర్లోనే ఉంచండి, నెట్ లేకపోయినా బిల్లు ఆగదు. రోజూ రాత్రి బ్యాకప్ ఫైల్ తేదీ పేరుతో క్లౌడ్‌లోకి వెళ్లాలి, వారానికోసారి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి ఆ డిస్కు ఇంటికి తీసుకెళ్లాలి. రెండు మూడు బ్రాంచీలు ఉన్నా, ఆడిటర్ వేరే ఊళ్లో ఉన్నా అప్పుడు క్లౌడ్ టాలీకి డబ్బు పెట్టండి, అంతకుముందు అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2022 ఆగస్టు నుంచి ఉన్న నియమం గుర్తుంచుకోండి, లెక్కల బ్యాకప్ రోజూ భారత్‌లో ఉన్న సర్వర్లోకి వెళ్లాలి.

పెళ్లిళ్ల ఫోటో, వీడియో స్టూడియో: ఇక్కడ క్లౌడ్‌ని మొదటి ఎంపికగా నేను చెప్పను. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి స్పీడుతో ఒక్క క్షణం ఆగకుండా నడిచినా ఒక టెరాబైట్ పైకి ఎక్కడానికి 22 గంటలు పడుతుంది, ముహూర్తాల సీజన్లో అది కుదిరే పని కాదు. నాస్‌లో పని చేసుకోండి, ప్రతి పెళ్లికి రెండో కాపీ విడి డిస్కులో తీసి వేరే చోట ఉంచండి. ఎడిటింగ్ పూర్తయిన ఆల్బమ్, ఫైనల్ వీడియో మాత్రం క్లౌడ్‌లోకి పంపండి. పాత పెళ్లిళ్ల రా ఫుటేజీ కూడా దాచాలనుకుంటే ఎస్3 డీప్ ఆర్కైవ్ లాంటివి చాలా చవక, కానీ అడిగాక ఫైల్ చేతికి రావడానికి ఎంచుకున్న పద్ధతిని బట్టి 12 గంటలో 48 గంటలో పట్టొచ్చు, కనీసం 180 రోజుల అద్దె కట్టాలి.

క్లినిక్కు, డయాగ్నొస్టిక్ సెంటర్: రెండు రోజులు కాదు, సాయంత్రం ఒక గంట అందకపోయినా పేషెంట్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నెట్ లేనప్పుడు కూడా పనిచేసి, వచ్చాక దానంతటదే పైకి పంపుకునే సాఫ్ట్‌వేర్ మాత్రమే తీసుకోండి. అలా పనిచేస్తుందని అమ్మేవాళ్లు నోటితో చెబితే సరిపోదు, మీ ముందే వైఫై ఆపించి కొత్త పేషెంట్ ఎంట్రీ వేయించండి. రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు కూడా ఉంటే మేలు.

యాప్‌లు, వెబ్‌సైట్లు నడిపే చిన్న కంపెనీలు: పెద్ద క్లౌడే సరైనది, ఆలోచించక్కర్లేదు. కాకపోతే మొదటి రోజే బిల్లు పరిమితి దాటితే అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి, ప్రధాన ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టండి, డేటాబేస్ కాపీ రోజూ వేరే కంపెనీ ఖాతాలోకి వెళ్లేలా చూడండి. కోడ్ స్పేసెస్‌కి లేకపోయింది ఈ చివరిదే.

ఇంట్లో ఫోటోలు: గూగుల్ ఫోటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 గిగాబైట్లే. డబ్బు కట్టడం తప్పేమీ కాదు, సౌకర్యం నిజంగానే బాగుంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు గూగుల్ టేకౌట్ అనే డౌన్‌లోడ్ సదుపాయంతో మొత్తం దింపుకుని హార్డ్‌డిస్కులో పెట్టండి. పెద్దవాళ్ల ఖాతాల సంగతి కూడా చూడండి, రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత గూగుల్ ఖాతాలని 2023 డిసెంబరు నుంచి తొలగిస్తున్నారు, చనిపోయిన నాన్న ఫోటోలు అలా పోవడం ఏ ఇంటికీ రాకూడదు. ఖాతా సెట్టింగుల్లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, కొన్ని నెలలు వాడకపోతే డేటా ఎవరికి అందాలో అక్కడ ముందే రాసి పెట్టొచ్చు.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

క్లౌడ్ టాలీ, బిల్లింగు, స్కూలు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్లలో చాలామంది పెద్ద క్లౌడ్ మీద సర్వర్ తీసుకుని మనకి తిరిగి అద్దెకిచ్చే చిన్న సంస్థలు. పెద్ద కంపెనీ పేరు చూసి నమ్మేస్తాం, కానీ మన ఒప్పందం మధ్యలో ఉన్న ఈ చిన్న సంస్థతోనే. వాళ్లు అద్దె కట్టకపోతే మన డేటా కూడా ఆగిపోతుంది. అందుకే అడగండి: నా డేటా మొత్తం నేనే, మిమ్మల్ని అడగకుండా, ఎప్పుడంటే అప్పుడు దింపుకోగలనా? ఏ ఫార్మాట్‌లో వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్లో తెరుచుకుంటుందా? బ్యాకప్ ఏ ఊళ్లో ఉంది, అసలు సర్వర్ ఉన్న భవనంలోనేనా? ఖాతా నా పేరు మీదే, నా నంబర్ మీదే ఉంటుందా? నేను మానేస్తే ఎన్ని రోజులు డేటా ఉంచుతారు?

మొదటి ప్రశ్నకి "మాకు మెయిల్ పెట్టండి, మేం పంపిస్తాం" అన్న సమాధానం వస్తే నేనైతే తీసుకోను. మిగతావి బాగున్నాయనిపిస్తే ఒక నెల ట్రయల్ తీసుకోండి, అందులో ఒక ఆదివారం మధ్యాహ్నం మీ బ్యాకప్ ఫైల్‌ని ఇంకో కంప్యూటర్లో ఎక్కించి, కిందటి నెల బిల్లు ఒకటి నంబర్‌తో సహా దొరుకుతుందో లేదో వెతికి చూడండి. దొరికితే ఏడాది ప్లాన్ కట్టొచ్చు, దొరక్కపోతే ట్రయల్ గడువు లోపలే ఇంకొకరిని చూసుకోండి.